మా ఇంటి భేది ఉప్పు

మా అమ్మాయి బాల్కనీలో గులాబీలు పెంచుతుంది. మొన్న వాటి ఆకులు పాలిపోతున్నాయని ఫోనులో వెతికి ఏదో పొట్లం తెప్పించింది. పైన ఒక పాదం బొమ్మ, ఒక పువ్వు బొమ్మ ఉన్నాయి. కాళ్లనొప్పులకూ పనికొస్తుందట, మొక్కలకూ పనికొస్తుందట.

"చూడమ్మా, అచ్చం పంచదారలా ఉంది" అంటూ నా అరచేతిలో నాలుగు పలుకులు పోసింది. నేను నాలుక మీద వేసుకున్నాను.

"అమ్మా! అది తినేది కాదు!" అని కేకేసింది.

నాకు తెలుసు. ముందు ఉప్పగా తగిలి, వెంటనే నాలుక వెనక్కి చేదు పాకే ఆ రుచిని చిన్నప్పుడు మా ఇంట్లో ఎరగనివాళ్లు లేరు. మేము దాన్ని భేది ఉప్పు అనేవాళ్లం.

మా ఇల్లు ఊరికి చివర, నల్లరేగడి చేల మొదట్లో ఉండేది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప. వాన పడితే చెప్పులకి రెండు వీశెల మట్టి అంటుకునేది. మిరప కోతల కాలంలో ఇల్లంతా ఘాటే. మంచినీళ్ల కుండ మీద మూత తీసినా తుమ్ము వచ్చేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంటే మేము పిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఇంటికి పెద్ద మా నాయనమ్మ. నాన్న ఏ గట్టు మీద ఏం వేయాలన్నా, అమ్మ ఏ పూట ఏం వండాలన్నా ఆవిడ నోటి నుంచి రావాలి. అమ్మ మాత్రం ఇంట్లో ఉందో లేదో తెలియనంత మెల్లగా మాట్లాడేది. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా ఆమె పెదవులు కదలడం కనిపించేది గానీ గొంతు వినిపించేది కాదు.

ఎండాకాలం ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి నాయనమ్మ మా కడుపులు కడిగించేది. ఎప్పుడూ శనివారమే. ఆదివారం చర్చికి పోవాలి, సోమవారం బడికి పోవాలి కాబట్టి ఆ శిక్షకి శనివారమే మిగిలింది. పొద్దున్నే ఇత్తడి గ్లాసుల నిండా నీళ్లు పోసి, గుప్పెట్లోంచి ఉప్పు జారవిడిచి, వేపపుల్లతో తిప్పేది. ఉప్పు కరుగుతుంటే గ్లాసు చల్లబడేది.

"చూడవే, కుండలో నీళ్లలాగా ఎంత చల్లగా ఉందో. గటగటా తాగెయ్, నాలిక్కి తెలీదు" అనేది.

నాలిక్కి తెలిసేది. మా అన్న ముక్కు మూసుకుని తాగేవాడు. నేను మాత్రం సగం తాగి, నాయనమ్మ అటు తిరగగానే మిగతాది పెరటి గుమ్మం పక్కనున్న కరివేపాకు మొక్క మొదట్లో పోసేదాన్ని. ఆ మొక్క ఊళ్లో ఏ పెరట్లోనూ లేనంత నిగనిగలాడేది. ఇరుగమ్మలు వచ్చి రెబ్బలు తుంచుకుంటూ "ఏం వేస్తావమ్మా దీనికి" అని అడిగితే, "ఏం వేస్తాం, కడిగిన బియ్యం నీళ్లే" అని నాయనమ్మ గర్వంగా చెప్పేది. అన్న నా వైపు చూసేవాడు. నేను ఆకాశం వైపు చూసేదాన్ని.

ఉప్పు తెచ్చేది సాయిబు తాత కొట్టు నుంచి. ఆ కొట్లో పటిక, కలకండ, భేది ఉప్పు పక్కపక్క డబ్బాల్లో ఉండేవి. మూడూ గాజు పలుకుల్లా మెరిసేవి. నేను కలకండ డబ్బా మీద చూపు నిలిపితే తాత గడ్డం సవరించుకుని, "డబ్బా చూసి చెయ్యి పెట్టు తల్లీ. తప్పు డబ్బాలో పెట్టావో, సాయంత్రం దాకా చెంబు వదలవు" అనేవాడు. పొట్లం కట్టి ఇస్తూ, "మీ నాయనమ్మకి చెప్పు, మూత గట్టిగా పెట్టమని. ఎండలకి దీంట్లో నీరు పోయి సున్నంలాగా అయిపోద్ది" అనేవాడు.

రాయిలాంటి ఉప్పులో నీరేమిటని మాకు అనుమానం. ఒక మధ్యాహ్నం అందరూ చేలోకి వెళ్లాక అన్నా నేనూ గరిటెలో ఇంత ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టాం. చుక్క నీళ్లు పోయలేదు. అయినా కాసేపటికి పలుకులు చెమర్చి, కరిగి, కుతకుతా ఉడికాయి. తాత చెప్పిన నీరు అదేనన్నమాట. తర్వాత అదంతా ఆవిరైపోయి తెల్లటి పెచ్చు గరిటెకి అతుక్కుంది. ఆ సాయంత్రం పప్పులో గరిటె పెట్టబోయి నాయనమ్మ దాన్ని చూసింది. ఆ గరిటెతోనే మా ఇద్దరి వీపులకీ తలా ఒకటి తగిలింది.

నేను చెప్పబోయే ఏడు, పత్తి పూత మీద ఉండగా మా చేలో ఆకులు ఎర్రబడ్డాయి. అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. దూరం నుంచి చూడటానికి బాగుండేది గానీ నాన్నకి అన్నం సహించలేదు. దిష్టి అన్నారొకరు, తెగులన్నారొకరు. వ్యవసాయాఫీసరు గారు వచ్చి ఒక ఆకు తుంచి వెలుగుకి పట్టి చూసి, తెగులు కాదు, భూమిలో మెగ్నీషియం చాలడం లేదన్నారు. ఆకుకి పచ్చదనం ఇచ్చేదే అదట. నాన్న టౌనుకి వెళ్లి తెల్లటి సంచి ఒకటి తెచ్చాడు. దాని మీద పేరు కూడబలుక్కుని చదివాడు. "మెగ్నీషియం సల్ఫేట్."

నాయనమ్మ సంచిలో వేలు పెట్టి నాకి చూసింది. కళ్లు పెద్దవి చేసింది.

"ఒరేయ్, ఇది భేది ఉప్పురా! పత్తిచేనుకి భేది పెడతావంట్రా?"

నాన్న పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే నీళ్లలో కలిపి పంపుతో కొట్టాడు. ఎర్రబడ్డ ఆకులు మళ్లీ పచ్చబడలేదు గానీ కొత్తగా వచ్చిన ఆకులన్నీ మంచి రంగులో వచ్చాయి. కాయ నిలిచింది. చేను గట్టు మీద నిలబడి నాయనమ్మ, "మనకి లోపల కడుగుద్ది, దానికి పైన రంగేస్తది. ఏం ఉప్పో ఏమో" అంది.

ఆ క్రిస్మస్ వెళ్లాక మా అత్త పురిటికి వచ్చింది. అత్త అంటే నాన్న చెల్లెలు. తుళ్లూరు దగ్గర ఏటి ఒడ్డు పల్లెకి ఇచ్చారు. అక్కడి అరటితోటల గురించి, గెల నరికితే కారే జిగురు గురించి, రాత్రిళ్లు ఏటి మీద నుంచి వచ్చే చల్లగాలి గురించి ఆమె చెబుతుంటే మాకు అది వేరే దేశంలా ఉండేది. తొలి కాన్పు. నవ్వితే నడుం పట్టుకుని మరీ నవ్వేది. వేడన్నంలో చింతకాయ పచ్చడి కలుపుకుని, నూనె పోసుకుని, ముద్ద ముద్దకీ కళ్లు మూసుకునేది.

నెలలు నిండేకొద్దీ ఆమె మొహం గుండ్రంగా అయింది. "పుట్టింటి తిండి ఒంటికి పట్టింది" అని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పాదాలు కూడా ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. నాయనమ్మ రోజూ సాయంత్రం బేసిన్లో గోరువెచ్చటి నీళ్లు పోసి, భేది ఉప్పు వేసి, అత్త పాదాలు అందులో పెట్టించేది. నీళ్లు చల్లారితే వేడినీళ్లు కలపడం నా పని.

"నీరు పట్టింది, అంతే. కాన్పయితే తగ్గుద్ది" అనేది నాయనమ్మ.

అమ్మ ఒక్కసారి మాత్రం, "ఆసుపత్రిలో చూపిద్దామా అత్తయ్యా" అంది. నాయనమ్మ వినలేదో, విని ఊరుకుందో తెలియదు. అమ్మ మళ్లీ అడగలేదు.

మాఘమాసపు ఎండ. కళ్లంలో మిరపకాయలు ఎర్రటి దుప్పటిలా పరిచి ఉన్నాయి. పక్క కళ్లంలో గుంటూరు యార్డుకి వెళ్లే లారీకి బస్తాలు ఎక్కిస్తున్నారు. మా వాళ్లు తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతున్నారు. ఇంట్లో ఒంటరిగా తోచడం లేదని అత్త కూడా వచ్చి పందిరి కింద నులకమంచం మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని ఏరుతోంది. నేను ఆ రోజు బడి మానేసి ఆమె కాళ్ల దగ్గర ఉన్నాను.

"పొద్దుట్నుంచీ ఒకటే తలనొప్పే" అంది. కాసేపాగి, "ఏందే, కాయలు రెండేసి కనబడతన్నాయి" అంది.

ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. నేను నవ్వాను. చేట జారిపోయింది. తలెత్తి చూస్తే అత్త కళ్లు పైకి వెళ్లిపోయి ఉన్నాయి. ఒళ్లు కర్రలా బిగిసి, తర్వాత మంచమంతా కదిలేలా కొట్టుకోవడం మొదలైంది.

నేను అరిచానట. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఎవరో తాళంచెవుల గుత్తి అత్త చేతిలో కుక్కారు. ఒక ముసలావిడ "గాలి సోకింది, మిరపకాయల పొగ పెట్టండి" అంది. నాలుగు ఎండు కాయలు, పళ్లెంలో నిప్పు కూడా తెచ్చారు. కొట్టుకోవడం ఆగి అత్త గురక పెడుతూ పడి ఉంది. నాయనమ్మ ఆమె తల ఒళ్లో పెట్టుకుని, "కదిలించబాకండి. కదిలిస్తే బిడ్డ పోద్ది. మంత్రసానిని పిలవండి. ప్రభువా, ప్రభువా" అంటోంది. నాన్న ఎటూ కదలలేక నిలబడిపోయాడు.

అప్పుడు అమ్మ ఆ నిప్పు పళ్లేన్ని కాలితో తన్నేసింది.

"లేపండి!" అని అరిచింది. అలాంటి గొంతు ఆమెలో ఉందని మాలో ఎవరికీ తెలియదు. పక్క కళ్లంలో బస్తాలు మోసేవాళ్లు మోస్తున్నవి దించి ఇటు చూశారు. "మంచంతో సహా లేపండి! లారీ ఎక్కించండి! మా అక్కని ఇట్టాగే మంచం మీద పెట్టుకుని ప్రార్థన చేస్తా కూచున్నారు. పొద్దుగూకేలోపు తల్లీ పోయింది, బిడ్డా పోయింది. నేను చూశాను. మళ్లా చూడను! అత్తయ్యా, తర్వాత నన్ను ఇంట్లోంచి గెంటెయ్యండి, ఇప్పుడు మాత్రం లేవండి!"

అమ్మకి ఒక అక్క ఉండేదని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

అందరికంటే ముందు లేచింది నాయనమ్మే. చీర కుచ్చిళ్లు ఎగదోపి, లారీ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కి, "అందుకోండిరా మంచం" అంది. బస్తాల పక్క మిగిలిన చోట్లో మంచం దించారు. డ్రైవరు మారుమాట లేకుండా బండి తీశాడు. దిగమని నన్నెవరూ అనలేదు, నేనూ ఎక్కేశాను. దారి పొడుగునా మిరప ధూళికి మేమంతా తుమ్ముతూనే ఉన్నాం, కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఏది ఘాటుకో, ఏది ఏడుపుకో తెలియలేదు.

టౌనులో మిషన్ ఆసుపత్రి. పొట్టిగా, సన్నగా ఉన్న డాక్టరమ్మ వచ్చి అత్త కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది. రక్తపోటు చూసి, "గుర్రపువాతం, కడుపుతో ఉన్నవాళ్లకి రక్తపోటు పెరిగి వచ్చే మూర్ఛ. లోపలికి తీసుకెళ్లండి" అంది. నర్సు మందు సీసాలున్న పళ్లెం పట్టుకుని వడివడిగా వెళుతుంటే నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏం మందమ్మా అది?"

"మెగ్నీషియం సల్ఫేట్ మామ్మగారూ. వదలండి, త్వరగా ఇవ్వాలి."

నాన్న తల ఎత్తాడు. "మెగ్నీషియం సల్ఫేటా? మేం పత్తికి కొట్టింది అదే గదండీ!"

నాయనమ్మ లోపలికి వెళ్లబోతున్న డాక్టరమ్మకి అడ్డంగా నిలబడింది. "అమ్మా, అది భేది ఉప్పు తల్లీ. పిల్లకాయలకి చిటికెడు ఎక్కువైతేనే వేలాడిపోతారు. నరంలోకి ఎక్కిస్తే నా బిడ్డ ఏం కావాల?"

డాక్టరమ్మ కోప్పడలేదు. సూది ఇవ్వమని నర్సుకి సైగ చేసి, ఒక్క నిమిషం ఆగింది.

"నిజమే మామ్మగారూ, అదే ఉప్పు. శుభ్రం చేసి సూదిమందుగా తయారుచేస్తారు. తాగితే కడుపులోనే ఉండిపోయి నీటిని లాక్కుంటుంది, అందుకే విరేచనం అవుతుంది. రక్తంలోకి వెళ్లిందంటే పేగుల జోలికి పోదు. నరాల దుడుకుని అణుస్తుంది. మళ్లీ మూర్ఛ రాకుండా ఆపుతుంది."

"మరి ఎక్కువైతే?"

"ఎక్కువైతే ఊపిరి మందగిస్తుంది. అందుకే దగ్గరుండి చూస్తాం. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరాలి. ఎగిరినంతసేపూ భయం లేదు. దానికి విరుగుడు మందు కూడా పక్కనే పెట్టుకున్నాం."

"నేను రోజూ ఆ ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టించాను తల్లీ" అంది నాయనమ్మ.

"దాని వల్ల చెడేమీ జరగలేదు. ఈ జబ్బుకి మేలు కూడా జరగదు. నీరు పట్టినప్పుడే తీసుకురావాల్సింది" అని డాక్టరమ్మ లోపలికి వెళ్లిపోయింది.

అత్తని ఉంచిన గది కిటికీకి పైనుంచి సగం దాకా తెర ఉండేది. నా ఎత్తుకి తెర కింద నుంచి కనిపించేది. నాయనమ్మ వంగి నా తల పక్కనే తల పెట్టి చూసింది. నర్సు వచ్చి అత్త మోకాలి మీద సుత్తితో మెల్లగా కొట్టేది. కాలు చిన్నగా ఎగిరేది. "స్తోత్రం" అనేది నాయనమ్మ. నర్సు వెళ్లేది, మళ్లీ వచ్చేది, మళ్లీ కొట్టేది. కాలు ఎగిరేది. "స్తోత్రం." ఆ సాయంత్రమంతా ఆమె చేసిన ప్రార్థన ఆ ఒక్క మాటే. అత్తకి మళ్లీ మూర్ఛ రాలేదు.

మర్నాడు పొద్దెక్కాక కాన్పయింది. ఆడపిల్ల. నెలలు పూర్తిగా నిండకపోవడంతో అరచేతుల్లో పట్టేంత ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంచమన్నారని నాన్న మా చేలోని పత్తే ఏకించి తెచ్చాడు. ఆ దూది మధ్య పిల్ల మొహం ఒక్కటే ఎర్రగా, మిరపపండులా కనిపించేది.

పిల్ల ఏడుపు విన్నాక నాయనమ్మ వరండాలో అమ్మ వెనక కూర్చుంది. అమ్మ జుట్టంతా రేగి, లారీలోని మిరప ధూళి పట్టి ఉంది. నాయనమ్మ ఆ జుట్టు విప్పి, తన ముడిలోని దువ్వెన తీసి దువ్వడం మొదలుపెట్టింది. ధూళి లేచి ఇద్దరూ తుమ్మారు. అయినా ఆపలేదు. చిక్కులు తీసి, జడ అల్లి, ముడి వేసింది.

"మీ అక్క పేరేందమ్మా?" అని అప్పుడు అడిగింది.

అమ్మ చెప్పింది. ఆ పేరే పిల్లకి పెట్టారు.

ఆ తర్వాత నాయనమ్మ మారిపోయిందని చెప్పను. ఇంట్లో పెత్తనం అలాగే సాగింది, మా శనివారాలూ సాగాయి. అయితే ఊళ్లో ఎవరు కడుపుతో ఉన్నారని తెలిసినా వెళ్లి, వాళ్ల మంచం మీద కూర్చుని, డాక్టరమ్మ చేసినట్టే కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసేది. గుంట నిలిస్తే, "ఈ పూటే పోవాల. పదండి, నేనూ వస్తా" అనేది. అనుమానం ఉన్నవాళ్లతో వాదించే ఓపిక ఆమెకి లేదు. "మా కోడల్ని పిలుస్తా, అది అరిచిందంటే లారీలు ఆగిపోతాయి" అని బెదిరించేది. ఆ మాటకి అమ్మ సిగ్గుతో లోపలికి వెళ్లిపోయేది. మళ్లీ ఎప్పుడూ ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను వినలేదు.

ఇప్పుడు ఆ కళ్లం ఉన్నచోట కోల్డ్ స్టోరేజి కట్టారు. పొట్లాలు కట్టే కొట్టు పోయింది. అత్త వాళ్ల ఏటి ఒడ్డు పొలం రాజధానిలో కలిసింది. అరటితోటలు లేవు. నాయనమ్మ, నాన్న, అమ్మ ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. అన్న ఆ రోజు బడిలో ఉన్నాడు కాబట్టి అతనికి అంతా విన్న కథే. కళ్లంలో జరిగింది, ఆసుపత్రిలో జరిగింది కళ్లారా చూసినవాళ్లలో మా ఇంట నేనే మిగిలాను.

అత్త గుంటూరులో కూతురి దగ్గర ఉంటుంది. నిండా తెల్లజుట్టు. ఆ జబ్బు చేసినవాళ్లకి ఆ వేళ జరిగింది గుర్తుండదట. చేటలో కాయలు రెండుగా కనబడటం దాకా ఆమెకి గుర్తుంది, ఆ తర్వాత దూదిలో పిల్ల గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. అందుకే నేను వెళ్లినప్పుడల్లా ఆ రోజు సంగతి చెప్పమంటుంది. లారీ, తుమ్ములు, సుత్తి, స్తోత్రం, అన్నీ వరసగా చెప్పాలి. ఒకటి మరిచిపోతే ఆమే అందిస్తుంది.

పోయిన నెల వెళ్లినప్పుడు కూడా చెప్పించుకుంది. అమ్మ నిప్పు పళ్లెం తన్నిన చోటికి వచ్చేసరికి నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"మీ అమ్మ నిజంగా అంత గట్టిగా అరిచిందా?"

"అరిచింది అత్తా. బస్తాలు మోసేవాళ్లు కూడా ఆగిపోయారు."

ఆమె నా మణికట్టు వదిలింది.

"ఊరంతా విన్నారు" అంది. "నా కోసమే అరిచింది. నేనొక్కదాన్నే వినలేదే."